నీళ్లలో బర్రె, వేలంలో పడవ



"నీళ్లలో బర్రెను ఉంచి బేరం చేసినట్టు" అని మన పల్లెల్లో ఒక సామెత ఉంది. కొమ్ములూ వీపూ మాత్రమే పైకి కనిపిస్తాయి. కాలు కుంటిదో, పొదుగు చెడిందో నీళ్లు దాచిపెడతాయి. అట్లాంటి బేరంలో మోసపోయినవాణ్ణి చూసి ఊరు నవ్వుతుంది. కాని నవ్వి ఊరుకుంటే చాలదు. తప్పు ఎవరిది? బర్రెను నీళ్లలో నిలబెట్టినవాడిదా, గట్టు మీదికి తోలించకుండానే డబ్బు లెక్కపెట్టినవాడిదా? ఈ వారం మన ఆలోచనకు విషయం ఇదే. అయితే ఉదాహరణ బర్రె కాదు, పడవ. అదీ మన తీరంలోది కాదు, బ్రిటన్ తీరంలోది.

అక్కడ ఈబే వంటి ఆన్‌లైన్ వేలాల్లో పాత తెరచాప పడవలు అమ్మకానికి వస్తుంటాయి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనివి, పాచి పట్టినవి, ఇంజను బిగుసుకుపోయినవి. ప్రారంభ ధర ఒక్కోసారి 99 పెన్నీలే, అనగా పౌండుకు ఒక పెన్నీ తక్కువ. దానితోపాటు నాలుగైదు ఫోటోలు, నాలుగు వాక్యాల వర్ణన. కొనేవాడు ఎక్కడో దూరాన తన ఇంట్లో కూర్చొని రాత్రిపూట పాట పెంచుతాడు. గడువు ముగియగానే పడవ అతనిదైపోతుంది. దాన్ని అతడు కళ్లతో ఒక్కసారైనా చూడలేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. "ఉన్నది ఉన్నట్లుగా అమ్ముతున్నాను" అని ఒక్క మాట రాసినంత మాత్రాన అమ్మేవాడి మనస్సాక్షికి ఇక పని లేదా? తన డబ్బుతో తాను చూడకుండా కొనేవాడికి తన జేబుపట్ల తప్ప మరెవరిపట్లా బాధ్యత లేదా?

ఈ పడవలు ఎక్కడివి?

1960ల నుంచి బ్రిటన్‌లో కొయ్యకు బదులు గాజుపీచూ రెసినూ కలిపి, అచ్చుల్లో పడవలను తయారు చేయడం బాగా పెరిగింది. ఫైబర్‌గ్లాసు రావడంతో ధరలు దిగివచ్చాయి. అంతవరకు సంపన్నుల వినోదంగా ఉన్న తెరచాప పడవ మాస్టార్లకూ గుమాస్తాలకూ మెకానిక్కులకూ అందుబాటులోకి వచ్చింది. వెస్టర్లీ సెంటార్ అనే 26 అడుగుల కుటుంబ పడవ ఒక్కటే 1969 నుంచి 1980 వరకు రెండు వేలకు పైగా తయారయింది.

కొయ్య పడవను పట్టించుకోకపోతే కొన్నేళ్లకు కుళ్లి మట్టిలో కలుస్తుంది. ఫైబర్‌గ్లాసు అట్లా కలవదు. యజమాని ముసలివాడైనా, కన్నుమూసినా పడవ మాత్రం యార్డులో నిలబడే ఉంటుంది. నిలబడినంతకాలం ఆ చోటుకు అద్దె పడుతూనే ఉంటుంది. పిల్లలకు సముద్రమంటే ఆసక్తి ఉండదు. బకాయి పేరుకుంటుంది. ఇంగ్లండు, వేల్సులలో 1977 నాటి ఒక చట్టం ప్రకారం, యజమాని తీసుకుపోని వస్తువును నిర్ణీత పద్ధతిలో నోటీసులు ఇచ్చి యార్డువారు అమ్ముకోవచ్చు. ఈ విధంగా కొన్ని పడవలు యార్డు ద్వారా, కొన్ని వారసుల ద్వారా, కొన్ని మోజు తీరిన యజమానుల ద్వారా వేలానికి చేరతాయి.

అందుచేత అమ్మేవాళ్లందరూ మోసగాళ్లని అనుకోకూడదు. భర్త వదిలివెళ్లిన పడవను ఏం చేయాలో తెలియని వృద్ధురాలు కూడా వాళ్లలో ఉండవచ్చు.

ఫోటోలో పడనివి

పడవ అడుగున, నీటిమట్టానికి కింద, కొన్ని రంధ్రాలుంటాయి. ఇంజను చల్లబడటానికీ, మరుగుదొడ్డికీ, వాడిన నీరు పోవడానికీ అవి అవసరం. వాటికి సీకాక్ అనే కవాటాలు బిగిస్తారు. అవి మామూలు ఇత్తడివైతే ఉప్పునీటిలో ఏళ్లు గడిచేకొద్దీ అందులోని జింకు కరిగిపోయి, గులాబీరంగు తిరిగిన గుల్ల లోహం మిగులుతుంది. చూడటానికి అది కవాటమే. చేత్తో గట్టిగా తిప్పితే ఊడివస్తుంది. ఊడివచ్చిన చోటునుంచి సముద్రం లోపలికి వస్తుంది.

పైతట్టు సంగతీ అంతే. చాలా పడవల్లో రెండు ఫైబర్‌గ్లాసు పొరల మధ్య బాల్సా అనే తేలిక చెక్కనో ప్లైవుడ్డునో పెడతారు. మరల సందుల్లోంచి నీరు దిగితే ఆ చెక్క లోలోపల కుళ్లుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. పడవలను పరీక్షించే సర్వేయరు చిన్న సుత్తితో తడుతూ పోతాడు. గట్టి చోట ఒక శబ్దం, కుళ్లిన చోట మరొక శబ్దం. అడుగుభాగంలో నీరు పొరలోకి ఇంకి బొబ్బలు లేస్తే, ఆ బొబ్బను పొడిచినప్పుడు వెనిగరు వాసన వేస్తుంది. సుత్తికి వినిపించేదీ, చేతికి తెలిసేదీ, ముక్కుకు తగిలేదీ ఫోటోలో రావు.

పడవను నిలువుగా ఉంచే బరువైన అడుగుభాగాన్ని కీల్ అంటారు. చాలా పడవలలో దీన్ని బోల్టులతో బిగిస్తారు. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే బ్రిటిష్ పడవ కరిబియన్ దీవులనుంచి ఇంగ్లండుకు తిరిగివస్తూ అట్లాంటిక్ మధ్యలో గల్లంతయింది. తలకిందులైన పడవ దొరికేసరికి దాని కీల్ ఊడిపోయి ఉంది. నలుగురు మనుషులు మళ్లీ కనిపించలేదు. అది వేలంలో చవకగా కొన్న పడవ కాదు. పనిలో ఉన్న పడవకే ఇట్లా జరిగిందంటే, పదేళ్లు ఎవరూ తొంగిచూడని పడవ మాట చెప్పనక్కరలేదు. ఇది డబ్బు లావాదేవీ మాత్రమే కాదనడానికి ఈ ఒక్క సంగతి చాలు.

చెప్పకపోవడం దాచడమేనా?

క్రీస్తుకు పూర్వం 44లో రోమన్ తత్వవేత్త సిసెరో తన కుమారునికోసం 'విధులు' అనే గ్రంథం రాశాడు. అందులో ఒక ఇంటి అమ్మకం గురించి చర్చ ఉంది. ఆ ఇంటి కలప నాసిరకం. పడకగదుల్లో పాములు తిరుగుతాయి. ఈ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. అతడు చెప్పకుండా అమ్మితే తప్పా? స్టోయిక్ గురువు డయోజెనెస్ వాదన ప్రకారం తప్పు కాదు. ఎవరూ కొనమని బలవంతం చేయలేదు. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు. అతని శిష్యుడు ఆంటిపాటర్ ఒప్పుకోలేదు. దారి తప్పినవానికి దారి చూపకపోవడమే తప్పయినప్పుడు, తెలిసి తెలిసి ఒకణ్ణి గోతిలోకి పోనివ్వడం ఇంకా పెద్ద తప్పు అన్నాడు. సిసెరో ఆంటిపాటర్ పక్షమే వహించాడు.

రెండు వేల ఏళ్లు గడిచినా వాదం అదే. ఇప్పటి బ్రిటిష్ చట్టంలో వ్యాపారి అమ్మితే సరుకు తగిన నాణ్యతతో ఉండి తీరాలి. మామూలు మనిషి తన సొంత పడవ అమ్మితే ఆ నియమం లేదు. వర్ణనకు సరుకు సరిపోవాలి, అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు. అడగనిదాన్ని తానై చెప్పమని చట్టం సాధారణంగా బలవంతపెట్టదు. "కొనేవాడా, జాగ్రత్త" అనేదే అక్కడి పాత సూత్రం.

చట్టం ఆగినచోట మనస్సాక్షి కూడా ఆగాలా? పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు తన మహాగ్రంథంలో కొనుగోలు, అమ్మకాలలో జరిగే మోసాన్ని గురించి ఒక ప్రకరణమే రాశారు. ఆయన విభజన సూటిగా ఉంటుంది. లోపం కంటికి కనిపించేదైతే, ఉదాహరణకు గుర్రానికి ఒక కన్ను లేకపోతే, ధర తగినట్లు తగ్గించి అమ్మేవాడు దాన్ని ప్రకటించనక్కరలేదు. లోపం దాగి ఉండి, కొనేవానికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే, చెప్పి తీరాలి. కూలడానికి సిద్ధంగా ఉన్న ఇంటిని గట్టి ఇల్లని అమ్మడం ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి.

"కొనేవాడి తీర్పుకే వదిలేశాం గదా!" అనే వాదానికి ఆయన ఇచ్చిన సమాధానం ఈనాటి ఆన్‌లైన్ వేలానికి కూడా చక్కగా సరిపోతుంది. మనిషి తనకు కనిపించినదాని గురించే తీర్పు చెప్పగలడు. లోపాన్ని దాచి ఉంచి, తీర్పు నీదే అనడం నిజానికి తీర్పును అతనికి అప్పగించడం కాదు. "ఉన్నది ఉన్నట్లుగా" అనే మాటకు అర్థం రావాలంటే ముందు ఉన్నది ఏమిటో అవతలివాడికి తెలియాలి. ఆ మాట నష్టాన్ని కొనేవాడి భుజాలకు మార్చగలదు. కాని నిజం చెప్పే బాధ్యతను మార్చలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అమ్మేవానికే తెలియకపోతే? పడవెక్కడమే ఎరగని వారసుడు సీకాక్ సంగతి ఏం చెప్పగలడు? నిజమే. తెలియనిది చెప్పమని ఏ నీతీ అడగదు. అయితే తెలియకపోవడం ఒకటి, తెలుసుకుంటే ధర పడిపోతుందని కళ్లు మూసుకోవడం మరొకటి. రెండవది అజ్ఞానం వేషం వేసుకున్న దాపరికమే. నిజంగా తెలియనివాడు కూడా "నాకు తెలియదు, వచ్చి చూసుకోండి" అని రాయగలడు. "బహుశా చిన్న రిపేరు చాలు" అని రాయకుండా ఉండగలడు. ఊరికే రాసిన ఆ "బహుశా" ఒక మనిషిని వందల మైళ్లు రప్పిస్తుంది.

చూసినా మోసపోవచ్చు

అట్లాగని కంటితో చూస్తే చాలుననుకోవద్దు. సిసెరో గ్రంథంలోనే ఇంకొక కథ ఉంది. కానియస్ అనే రోమన్ ప్రముఖుడు సిరాక్యూస్ పట్టణంలో ఒక తోట కొనాలనుకున్నాడు. పిథియస్ అనే వడ్డీవ్యాపారి అతణ్ణి తన తోటకు భోజనానికి పిలిచాడు. ముందుగానే జాలరులను పిలిపించి, మరునాడు తన తోట ఎదుటే చేపలు పట్టమని చెప్పాడు. కానియస్ వచ్చేసరికి తోట ముందు పడవలే పడవలు. జాలరులు ఒక్కొక్కరూ వచ్చి పిథియస్ కాళ్ల దగ్గర చేపలు పోస్తున్నారు. కానియస్‌కు ఆశ పుట్టింది. బతిమాలి, అడిగినంత ధర ఇచ్చి తోట కొన్నాడు. మరునాడు స్నేహితులను వెంటబెట్టుకొని వస్తే ఒక్క పడవ లేదు. ఈ రోజు జాలరులకు పండుగా అని పొరుగువాణ్ణి అడిగితే, ఇక్కడ ఎవరూ చేపలు పట్టరని, నిన్న ఆ పడవలను చూసి తానే ఆశ్చర్యపోయానని అతడు చెప్పాడు.

కానియస్ స్వయంగా వెళ్లాడు, చూశాడు, అయినా మోసపోయాడు. అమ్మేవాడు చూపించాలనుకున్నదే అతడు చూశాడు. ఫోటోతో వచ్చే చిక్కు కూడా ఇదే. ఫోటో అబద్ధం చెప్పనక్కరలేదు. ఏ మూలన నిలబడి తీయాలో ఎంచుకుంటే చాలు. కానియస్ ముందురోజే పొరుగువాణ్ణి అడిగి ఉంటే బయటపడేవాడు. పడవ విషయంలో ఆ పొరుగువాడు సర్వేయరు, లేదా పక్కన పడవ ఉన్న మనిషి, లేదా యార్డు కాపలాదారు.

కొనేవాడి వివేకం

"నా డబ్బు, నా ఇష్టం. పోతే నాదే పోతుంది" అంటాడు కొనేవాడు. ముందు డబ్బు సంగతి చూద్దాం. అమెరికా ఆర్థికవేత్త జార్జి ఆకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకడు. ఆయన చెప్పింది ఇది. లోపం అమ్మేవానికి తెలిసి, కొనేవానికి తెలియని బజారులో కొనేవాళ్లు అనుమానంతో తక్కువ ధరే ఇస్తారు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజారులో చెడ్డవే ఎక్కువగా మిగులుతాయి. అనగా అమ్మేవాడి దాపరికం ఆ ఒక్క కొనుగోలుదారునే కాదు, నిజం చెప్పే తోటి అమ్మకందారులను కూడా దెబ్బతీస్తుంది.

వేలానికి ఇంకొక గుణం ఉంది. చమురు నిల్వల వేలాలను పరిశీలించిన ముగ్గురు అమెరికన్ ఇంజనీర్లు 1971లో దాన్ని వివరించారు. వస్తువు అసలు విలువ ఎవరికీ సరిగా తెలియనప్పుడు, ఒక్కొక్కరూ ఒక్కో అంచనా వేస్తారు. గెలిచేది అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడు, అనగా బహుశా అందరికన్నా ఎక్కువగా పొరపడినవాడు. దీనికి "విజేత శాపం" అని పేరు వచ్చింది. పైగా పాట పెరిగేకొద్దీ మన కళ్లు పడవను వదిలి ఎదుటి పాటదారు మీద పడతాయి. వాడు ఇంత ఇస్తున్నాడంటే ఏదో ఉందనుకుంటాం. వాడూ మన గురించి అట్లాగే అనుకుంటుంటాడు. ఇద్దరిలో ఎవరూ పడవను చూడలేదు.

ఇక అసలు సంగతి. పోయేది కొన్నవాడిదేనా? లారీ బాడుగ, క్రేన్ ఖర్చు, యార్డు అద్దె, ఇంజను, తెరచాపలు: వేలంలో ఇచ్చిన ధర వీటిముందు చిన్నది. ఆ డబ్బు ఇంట్లో భార్యాబిడ్డల అవసరాల్లోంచే వస్తుంది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. లెక్క కుదరక అతడు పడవను మళ్లీ వదిలేస్తే, అదే యార్డులో అదే బకాయి, మరొక పేరు మీద. కొందరు ఏ వాగు మొగలోనో విడిచి వెళ్లిపోతారు. కుళ్లని ఆ పొట్టును తీసి పారవేసే ఖర్చు ఊరి నెత్తిన పడుతుంది.

లెక్క చూసుకోకుండా సముద్రం మీదికి వెళితే ఇంకా ప్రమాదం. బ్రిటన్‌లో 1824 నుంచి పనిచేస్తున్న లైఫ్‌బోట్ సంస్థలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులు. ఆపదలో ఉన్నవాడు వివేకంతో కొన్నాడా, మోజుతో కొన్నాడా అని వాళ్లు అడగరు. 1981 డిసెంబరు 19 రాత్రి కార్న్‌వాల్ తీరంలో, ఇంజను ఆగిపోయిన యూనియన్ స్టార్ అనే ఓడను కాపాడబోయి మౌజుల్ గ్రామానికి చెందిన ఎనిమిదిమంది లైఫ్‌బోట్ సభ్యులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఓడ పాతది కాదు, ఆ ఇంజను ఆగిపోవడానికి ఏ వేలమూ కారణం కాదు. కాని సముద్రం మీద ఒకరి ఇంజను ఆగితే ఎవరి ప్రాణాలు పణంగా పడతాయో ఆ గ్రామానికి తెలుసు. అటువంటి చోట "నాదే పోతుంది" అనే మాట చెల్లదు.

అయితే కొనకూడదా?

ఇంత చెప్పాక, చూడకుండా కొనడం పాపమని తేల్చేస్తే అది కూడా అన్యాయమే. ఎవరో ఒకరు తెగించకపోతే ఈ పడవలన్నీ ముక్కలై చెత్తకుప్పకు పోవలసిందే. కొత్త పడవ కొనలేని ఎలక్ట్రీషియనుకో నర్సుకో సముద్రం మీదికి పోయే దారి ఇదొక్కటే కావచ్చు. దూరం, సెలవు, ప్రయాణ ఖర్చు పేదవాడికి అడ్డువస్తాయి.

ఈబే స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ 1995లో ఆ వేలాన్ని ప్రారంభించినప్పుడు మొదట అమ్ముడుపోయింది ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్. ధర 14 డాలర్ల 83 సెంట్లు. అది పనిచేయదని తెలుసా అని ఆయన కొన్నవాణ్ణి అడిగాడు. తెలుసు, పాడైనవాటినే సేకరిస్తుంటానని అతడు జవాబిచ్చాడు. ఆ బేరంలో ఏ దోషమూ లేదు. అమ్మినవాడు పాడైందని చెప్పాడు, కొన్నవాడు పాడైనదానికే డబ్బిచ్చాడు. కాబట్టి పడవను చూడకుండా కొనేవాడు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇందులో పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదని తేలినా, ఈ డబ్బు పోయినా, దీన్ని చట్టబద్ధంగా పారవేసే ఖర్చు మీదపడినా, నా ఇంటికి కీడు లేకుండా భరించగలనా? భరించగలిగితే కొనవచ్చు. సర్వేయరు చూసి సరేననేవరకు మనుషులను ఎక్కించుకొని నీళ్లమీదికి మాత్రం పోకూడదు.

న్యాయం కొనేవానివైపు నుంచి కూడా ఉండాలి. ఇత్తడి అనుకొని బంగారం అమ్మేవాడి తెలియనితనాన్ని వాడుకోవడం అన్యాయమని, ఆ తేడా తిరిగి ఇవ్వాలని అక్వినాసు అంటారు. పాత పడవ లోపల కొత్తగా బిగించిన ఇంజనును ఫోటోలో గుర్తుపట్టి, ఆ సంగతి తెలియని వృద్ధురాలితో "చెత్త, చెత్త" అంటూ ధర తగ్గించేవాడు, పాములున్న ఇంటిని అమ్మినవాడికి ఏమీ తీసిపోడు.

ప్రేమించాలంటే తెలుసుకోవాలి

పాత పడవలు కొనేవాళ్లను కదిలించేది చాలాసార్లు దురాశ కాదు, జాలి. అనాథగా పడి ఉన్నదాన్ని బాగుచేయాలనే కోరిక మంచిదే. కాని తెలియనిదాన్ని ఎవరూ ప్రేమించలేరని పునీత అగుస్తీను బోధించారు. ఫోటో చూసి మనసు పడ్డవాడు ప్రేమించింది ఆ పడవను కాదు, తన తలలో తాను కట్టుకున్న మరొక పడవను. నిజమైన పడవ ఇంటికొచ్చాక, అది తన ఊహలాగా లేదని దానిమీదే కోపం తెచ్చుకుంటాడు. ఫోటో చూసి కుదుర్చుకున్న కొన్ని పెండ్లిండ్లలో కూడా ఇటువంటి కోపాన్ని విచారణ గురువులు చూస్తూనే ఉంటారు.

మన కుటుంబాల్లో తెరచాప పడవ కొనేవాళ్లు అరుదు. కాని ఫోను తెరమీద పాత మోటారుసైకిలు కొనే కుర్రవాడు ఉన్నాడు. విదేశంలో ఉద్యోగం చేస్తూ, ఇక్కడి ఇంటిస్థలాన్ని వీడియోలో చూసి బయానా పంపే కొడుకు ఉన్నాడు. ఆ బండిని, ఆ స్థలాన్ని అమ్మేవాళ్లు కూడా మన విచారణలవారే కావచ్చు.

అమ్మేవారు ప్రకటనలో ఒక్క వాక్యం అదనంగా రాయండి: నాకు తెలిసిన లోపాలు ఇవి, నాకు తెలియనివి ఇవి, వచ్చి చూసుకోవచ్చు. కొనేవారు వెళ్లలేకపోతే, ఆ ఊళ్లో ఉన్న నమ్మకమైన మనిషిని ఒక్క పూట పంపండి. అతని బస్సు ఛార్జీ, భోజనం ఖర్చు మీరే పెట్టుకోండి. బర్రెను గట్టు మీదికి తోలించడానికి అయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువ ఉండదు.